గింజూ నవ్వు

ఆషాఢ బహుళ అమావాస్య... మిట్టమధ్యాహ్నం!

అర్ధరాత్రికి గజగజ వణికే జనం మధ్యాహ్నాన్ని లెక్కచెయ్యరు. నడినెత్తిన సూర్యుడుండగా మనకేం ఢోకా అనుకుంటారు. పిచ్చివాళ్లు! నీడ కాళ్లకిందికి దూరి దాక్కునే ఆ వేళంటే క్షుద్రశక్తులకు మహాప్రీతి. ఆనాడు సూర్యుడు కూడా లేడు. నాచారం పారిశ్రామికవాడ మీద కారుమేఘాలు కమ్ముకున్నాయి. ఫెళఫెళమని ఉరిమింది... కరెంటు పోయింది. ఒక పాత రేకుల షెడ్డు దూలం మీద, పట్టపగలు, గుడ్లగూబ కూసింది!

ఆ షెడ్డు గుమ్మంలో నీరజ కూతురి చెయ్యి పట్టుకుని నిలబడింది. ఎంతటివాడికైనా గుండె జారే చోటు అది. నీరజకు భయం వెయ్యలేదు. అసలు ఏమీ అనిపించడం లేదామెకు... నెలరోజులుగా!

ఉప్పల్‌లో ఇంటి ముందుగదిలో కంప్యూటర్ పెట్టుకుని పెళ్లిపత్రికలు, పచ్చళ్ల సీసాల లేబుళ్లు చేసుకునే మనిషి ఆమె. ఆ గుమ్మంలోకి ఒకనాడు చిదంబరం వచ్చాడు. ఏ ఊరివాడో, వయసెంతో ఎవరికీ తెలియదు. పిల్లలు పొద్దున్నే పాలల్లో వేసుకుని తినే కార్న్‌ఫ్లేక్స్ తయారుచేస్తానన్నాడు. డబ్బా మీదికి గింజూ అనే ఉడుత బొమ్మ కావాలన్నాడు. నీరజ పనిమంతురాలు. అంగట్లో నిలబడ్డ పిల్ల తలెత్తి చూస్తే ఉడుత చూపు సరిగ్గా ఆ పిల్ల కళ్లలో పడాలని, కనుపాపలను రవ్వంత కిందికి దించి గీసింది. అయినా చిదంబరం పెదవి విరిచాడు.

“నవ్వులో ప్రాణం లేదు తల్లీ! నీ బిడ్డను ఎదురుగా కూర్చోబెట్టుకుని గియ్యి. ఇదిగో, ఈ కాటుకతో ముందు కంప్యూటర్‌కు బొట్టు పెట్టు. శుభం!”

దసరాకు కంప్యూటర్‌కు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టే జాతి మనది. కాటుకబొట్టు పెట్టమంటే ఎవరు కాదంటారు? నీరజా కాదనలేదు. అక్కడే కొంప మునిగింది! అది చితిమంట మీద పట్టిన కాటుక!

ఆరేళ్ల గీతిక ఎదురుగా కూర్చుని, ఊడిన ముందుపళ్ల సందులోంచి పకపకా నవ్వింది. తెరమీద ఉడుత మూతి అదే నవ్వుతో వెలిగింది. ఆ తరువాత పిల్ల మళ్లీ నవ్వలేదు. మర్నాడు మోకాలు చెక్కుకుపోయి నెత్తురు కారినా ఏడవలేదు. కారుతున్న నెత్తుర్ని ఎవరిదో అన్నట్టు చూస్తూ నిలబడింది. ఇరుగుపొరుగుకు ఇదంతా ముచ్చటగా ఉంది, చూడండి!

“ఎంత బుద్ధిమంతురాలైపోయిందండీ మీ అమ్మాయి! అల్లరన్నదే లేదు. ఆ కిటుకేదో మాకూ చెబుదురూ, మా మనవడితో వేగలేకపోతున్నాం,” అంది పక్కింటి అన్నపూర్ణమ్మ.

రైల్వేలో పనిచేసే భర్త సుధీంద్ర పిల్లను దవాఖానాకు తీసుకుపోయాడు. సూది గుచ్చి నెత్తురు తీసినా గీతిక కిమ్మనలేదు.

“అన్నీ మంచిగనే ఉన్నయంటున్నరు. నువ్వు ఫికర్ జెయ్యకు,” అన్నాడతను ఇంటికొచ్చి.

నీరజ ఫికరు చెయ్యలేదు. అసలు ఘోరం అదే! చెయ్యాలని తెలుసు, చెయ్యడం చేతకావడం లేదు. గీసిన చేతిలోంచి ఆమె గుండె కూడా కాస్త కాస్తగా ఆ బొమ్మలోకి జారిపోయింది. తిమ్మిరెక్కిన కాలు మనది కానట్టుంటుందే, ఆమెకు బతుకంతా అలాగే ఉంది. తొలి డబ్బాలకు పూజ, బిడ్డతో రమ్మని చిదంబరం కబురు పెట్టాడు. వచ్చింది. అంతే.

షెడ్డులో పైకప్పుదాకా పేర్చిన డబ్బాలు... వేలాది గింజూలు... వేలాది గీతిక నవ్వులు! నడుమ నల్లటి ముగ్గు. ముగ్గులో ఒక నల్లరాయి. దాని ముందు గిన్నెలా వెల్లకిలా పెట్టిన నరకపాలం! ఎర్రబట్ట కట్టిన చిదంబరం వికటాట్టహాసం చేశాడు.

“నా దేవత ఈ నైవేద్యం అందుకున్న మరుక్షణం నీ కూతురి నవ్వూ ఏడుపూ శాశ్వతంగా నావి! ఆపైన ఈ ఉడుత కళ్లలోకి చూసిన ప్రతి బిడ్డవీ నావే! ఒక్కో బిడ్డకు ఒక్కో ఏడు... నా ఆయుష్షు అక్షయం! బొమ్మ గీసిన చేతే నైవేద్యం పెట్టాలి. పెట్టు!”

నీరజకు ప్రతి మాటా అర్థమైంది. బిడ్డను ఎత్తుకుని పరుగెత్తాలనీ తెలుసు. కాళ్లు కదలలేదు.

“నా బిడ్డది నా బిడ్డకియ్యి,” అంది. ఆ మాట కూడా కూరగాయల బేరంలా చప్పగా వచ్చింది.

“పెట్టు...!”

బీజాక్షరాలు హోరెత్తాయి. రేకులు గడగడలాడాయి. చిదంబరం ఆ కపాలంలో కార్న్‌ఫ్లేక్స్ పోసి, పైన మరుగుతున్న పాలు పోసి, చెంచా ఆమె చేతిలో పెట్టాడు.

ఆ చెయ్యి చెంచాను ముంచింది. ఎత్తింది. పాలు పొగలు కక్కుతున్నాయి. పక్కన బిడ్డ ఉంది. ఆరేళ్లుగా ఆ చేతికి ఒకటే అలవాటు... పెట్టబోయే ముందు కాలుతోందేమో చూడాలి. మనసు మొద్దుబారిన సంగతి చేతికేం తెలుసు? ఎవరికి పెడుతున్నదో దానికేం పట్టింది? నీరజ ఉఫ్‌మని ఊది, చెంచాను పెదవులకు ఆనించుకుని ఒక గుక్క చప్పరించింది. మిగిలింది నల్లరాతి ముందు పెట్టింది.

“ఎంగిలీ...!” చిదంబరం కెవ్వుమన్నాడు.

దేవతకు పెట్టి మనం తింటాం. మనం తిన్నది దేవతకు పెట్టం. తల్లి ఎంగిలి బిడ్డకు అమృతం... నైవేద్యానికి మహాపరాధం!

షెడ్డు పక్కనే పిడుగు పడింది. నీరజ జుట్టు విడివడింది. కళ్లు నిప్పులయ్యాయి. ఆమె నోట్లోంచి ఆమెది కాని గొంతు బొంగురుగా లేచింది.

“ఎంగిలి పెడతావురా నాకు? పిల్లల తల్లి మూతిపెట్టిన కూడు నాకు పెడతావురా!”

“అపచారం తల్లీ! క్షమించు...!”

“నవ్వులు కావాలా? తిను!”

గోడలనిండా గింజూల నోళ్లు టపటపా మూసుకున్నాయి. ఆ నవ్వులన్నీ ఒక్కసారిగా చిదంబరం మీద పడ్డాయి. పసిపిల్ల గొంతుతో పకపకా నవ్వాడు. పొట్ట పట్టుకుని నవ్వాడు. నేలమీద దొర్లుతూ, కళ్లు తేలేస్తూ నవ్వాడు. ఊపిరి పీల్చడానికి సందు దొరకలేదు. ముసలి పక్కటెముకలు పటపటా విరిగాయి... నవ్వు ఆగింది. ఎర్రబట్ట కింద చారెడు బూడిద మిగిలింది. పట్టినవాడు పోవడంతో పట్టూ తెగింది. కూతురి చెయ్యి వదలకుండానే నీరజ మోకాళ్ల మీద కూలింది.

“అమ్మా... చెయ్యి నొస్తుంది. ఇడువు,” అంది గీతిక. మరుక్షణం పెదవి వంకర్లు తిరిగింది.

ఉప్పల్ పోయే బస్సులో పిల్ల గుక్కపట్టి ఏడ్చింది. చెక్కుకుపోయిన మోకాలికి, దవాఖానా సూదికి, నెలరోజుల బాకీ అంతా కలిపి ఏడ్చింది. బస్సు బస్సంతా వెనక్కి తిరిగి చూసింది. కండక్టరమ్మకు చిర్రెత్తుకొచ్చింది.

“ఏందమ్మా, పిల్ల గంతగనం ఏడుస్తుంటె సప్పుడు జెయ్యకుంట కూసున్నవ్? జర సముదాయించరాదు?”

నీరజ కూతురి తడిసిన మొహం చూసింది. తన లోపల ఇంకా ఏదీ కదలడం లేదు. తనది తనకు తిరిగొస్తుందో రాదో తెలియదు.

“ఏడ్వనియ్యి అక్కా,” అంది. “మంచిగ ఏడ్వనియ్యి.”