ఖాళీ కాని ఉద్యోగానికి ప్రకటన

బుధవారం పొద్దున్నే డిటెక్టివ్ నెవ్యానా ఆఫీసు తలుపు కొట్టిన మనిషిని చూసి బొజాన్ కాఫీ పక్కన పెట్టేశాడు. బల్గేరియాలోని ఆ కజన్లాక్ ఊళ్ళో జ్ద్రావ్కాను ఎరగనివాళ్ళు లేరు. గులాబీ అత్తరు ఫ్యాక్టరీలో పద్దెనిమిదేళ్ళుగా బట్టీల పెద్దమేస్త్రీ ఆవిడే. అంతటి మనిషి కూర్చోకుండానే మొదలుపెట్టింది.

"నన్ను దొంగనన్నారు నెవ్యానక్కా! నిన్న అత్తరు పోయింది. దాని ఖాళీ డబ్బా నా బీరువాలో దొరికింది. సాయంత్రం అయిదింటికల్లా రాజీనామా ఇవ్వాలిట, లేకపోతే పోలీసులట."

"నీ బీరువా తాళంచెవి ఇంకెవరి దగ్గరైనా ఉందా?" అడిగింది నెవ్యానా.

"అందరివీ రెండో చెవులు సిబ్బంది ఆఫీసులో ఉంటాయి."

నెవ్యానా డిటెక్టివ్ కాకముందు ఇరవై ఏళ్ళు ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో ఉద్యోగ ప్రకటనలు రాసింది. ఏ కేసు వచ్చినా, అక్కడ ఎవరిని ఎలా పనిలో పెట్టుకున్నారన్నదే ముందు చూస్తుంది. ఆవిడ సహాయకుడు బొజాన్‌కి ఆవిడంటే గురి, కాస్త భక్తి కూడా.

ఆవిడ సోమవారం వచ్చిన వారపత్రిక తీసి చివరి పేజీ మీద వేలు పెట్టింది. "చదువు నాయనా."

"అత్తరు ఫ్యాక్టరీకి పెద్దమేస్త్రీ కావలెను. ఒకే ఖాళీ. సబ్బుల తయారీలో ఆరేళ్ళ అనుభవం, గ్రీకు భాష ధారాళంగా రావలెను. వయసు ముప్ఫై నాలుగు దాటరాదు." బొజాన్ తలెత్తాడు. "బట్టీ దగ్గర గ్రీకు ఎందుకక్కా? పూలతో కబుర్లాడతాడా?"

"అక్కా, అది నా ఉద్యోగమే!" అంది జ్ద్రావ్కా.

"ముందు మనిషిని ఎంచుకుని తర్వాత అర్హతలు రాయడం మన దేశంలో కొత్తేం కాదు. ఇది ప్రకటన కాదు, పెళ్ళికొడుకు ఫోటో. ఉద్యోగం ఉన్నవాళ్ళు ఈ పేజీ చూడరు. లేనివాళ్ళు, ఎవరికోసమో వేశారని తిప్పేస్తారు. బొజాన్, నువ్వు పత్రికాఫీసుకెళ్ళు. ఈ కాగితం ఎవరిచ్చారో, ఎప్పుడిచ్చారో కనుక్కో."

నాలుగింటికి డైరెక్టర్ కోస్తోవ్ గదిలో అందరూ కూర్చున్నారు. సిబ్బంది ఆఫీసు అధికారి స్టామెన్, ప్యాకింగ్‌లో పనిచేసే అతని అల్లుడు యావోర్, ఒక మూల జ్ద్రావ్కా.

"మీకు పెద్దమేస్త్రీలు ఎందరు సార్?" అడిగింది నెవ్యానా.

"ఒక్కరే."

"ఇక్కడ గ్రీకు ఎవరికొచ్చు?"

డైరెక్టర్ నవ్వాడు. "మా యావోర్‌కి. గ్రీసు దేశం సలోనికాలో సబ్బుల కంపెనీలో ఆరేళ్ళు..." నవ్వు సగంలోనే ఆగిపోయింది.

స్టామెన్ మొహం ఎర్రబడింది. "దొంగతనం జరిగింది, మేస్త్రీ పోతుంది, ప్రకటన ఇచ్చాను. నా పనే అది కదా!"

"దొంగతనం మంగళవారం. పత్రిక వచ్చింది సోమవారం."

బొజాన్ ఒక కాగితం బల్ల మీద పెట్టాడు. ప్రకటన కోరుతూ స్టామెన్ చేసిన సంతకం, కింద శుక్రవారం తేదీ.

"శుక్రవారం ఈవిడ నిక్షేపంగా ఉద్యోగంలో ఉంది," అంది నెవ్యానా. "ఆ చోటు ఖాళీ అవుతుందని తెలిసింది ఖాళీ చేయించేవాడికే. తాళంచెవులూ అతని దగ్గరే. మరి అంత తొందరెందుకు? ప్రకటన వేశాక వారం ఆగితేగాని ఎంపిక జరపకూడదని నియమం. వచ్చే మంగళవారం పూలకోత, ఆ రోజుకి బట్టీల దగ్గర మేస్త్రీ ఉండి తీరాలి. దొంగతనం అయ్యాక ప్రకటన ఇస్తే అల్లుడు కోతకి అందడు. దొంగపనిలో కూడా ఆఫీసు గడువు తప్పలేదు, ఎంత పద్ధతిగల మనిషో!"

ఆ మాటకు బొజాన్‌కి లేచి చప్పట్లు కొట్టాలనిపించింది. యావోర్ మాత్రం తల పట్టుకున్నాడు.

"నాకిది వద్దని చెప్పాను మామయ్యా! అత్తరు మా వ్యాన్‌లో సీటు కింద ఉంది సార్."

స్టామెన్ వ్యాన్ తాళంచెవి తీసి బల్ల మీద పెట్టాడు. డైరెక్టర్ కుర్చీలోంచి లేచి జ్ద్రావ్కా దగ్గరికి వచ్చాడు.

"జరిగింది మర్చిపోండమ్మా. రేపట్నించి మామూలుగానే రండి."

"పద్దెనిమిదేళ్ళు నా చేతి అత్తరు అమ్ముకున్నారు సార్. ఖాళీ డబ్బా కనబడగానే, 'నువ్వు తీశావా' అని ఒక్కమాట అడగలేదు. అది మాత్రం మర్చిపోను." ఆవిడ కళ్ళు తుడుచుకుంది. "కోతకి వస్తాను. పూలేం చేశాయి పాపం!"