ఏలూరు వెళ్ళాల్సిన ఫియట్

"ఆగమన్నానా లేదా?" అంది అన్నపూర్ణ.

అప్పటికే ఆలస్యమైపోయింది. కారు కింద వెల్లకిలా పడుకున్న నా చేతిలో అడుగు ప్లగ్గు ఉంది. గేర్‌బాక్సులోని నల్లటి నూనె వేడివేడిగా పళ్ళెంలోకి దిగుతోంది. మెట్ల మీద కూర్చుని ఆమె కారు తాలూకు ఇంగ్లీషు పుస్తకం చదివి తెలుగులో చెబుతోంది. నేను ఆమె గొంతు విన్నాను గానీ వాక్యం వినలేదు. ఎనిమిది నెలలుగా నా జబ్బు అదే.

పాత నూనె దించకముందే పక్కనున్న ప్లగ్గు విప్పి చూసుకోవాలట. కొత్త నూనె పోసేది దానిలోంచేనట. చెయ్యి పెట్టి తడిమితే దాని మూలలన్నీ అరిగిపోయి ఉన్నాయి. స్పానర్ పెట్టిన ప్రతిసారీ జారిపోయింది.

తప్పు నాదే. మా ఫ్యాక్టరీలో మిషన్లకు నూనె మార్చేటప్పుడు మొదటి షిఫ్టు వాళ్ళు పాతది దించేసి ఇంటికి పోతారు. రెండో షిఫ్టు వాళ్ళు వచ్చి, పైన మూత ఎత్తి, కొత్తది పోస్తారు. నాలుగేళ్ళుగా నాది దించే షిఫ్టు. పోయడం సంగతి నా బుర్రకు ఎన్నడూ తట్టలేదు.

అది డెబ్భై నాలుగు జూన్‌లో ఒక ఆదివారం, పటాన్‌చెరు దగ్గర మా ఫ్యాక్టరీ క్వార్టర్లలో. కారు అన్నపూర్ణ తండ్రి సూర్యప్రకాశరావు గారిది. ఆయన మా ఇన్‌స్పెక్షన్ ఇంజనీరు, నేను ఫిట్టర్ ఓదెలును. ఒకసారి నేను ఆకురాయి పట్టిన ముక్క కొలత తప్పితే, ఆయన గేజీ పెట్టి కొలవకముందే నేనే తీసుకెళ్ళి తప్పు చెప్పి, ఆయన బల్ల మీద పెట్టాను. అప్పటినుంచి వాళ్ళింట్లో ఫ్యాను తిరగకపోయినా, పంపు కారినా నాకే కబురు. ఇప్పుడు పాత ఫియట్ మూడో గేరు గరగరమంటోందని పిలిచి, నూనె మార్చే పని అప్పజెప్పి, పళ్ళు కొనడానికి సంగారెడ్డి బస్సెక్కారు.

మర్నాడు తెల్లవారే వాళ్ళందరూ ఆ కారులో ఏలూరు వెళ్ళాలి. అక్కడ ఒక బ్యాంకు ఉద్యోగి అన్నపూర్ణను చూసుకోవడానికి ఎదురుచూస్తున్నాడు. ఆమెతో చెప్పాల్సిన మాట నా నోటికి రానే లేదు.

మబ్బు పట్టింది గానీ కురవడం లేదు. నేను కారు కిందికి దూరడం, బయటికి రావడం, చేతులు తుడుచుకోవడం, మళ్ళీ దూరడం. కిందినుంచి ఆమె పాదాలు మాత్రమే కనిపిస్తున్నాయి. అవీ ఒక్కచోట నిలవడం లేదు.

ఆ పక్క ప్లగ్గు ఊడకపోతే ఏమవుతుందని అడిగింది.

"కారు కదలదు."

"కదలకపోతే?"

"రేపు మీరు పోరు."

పాదాలు ఆగాయి. "అయితే అంత తొందరేముంది?" అంది మెల్లగా.

చేతిలో స్పానర్ పక్కన పడేస్తే చాలు, ఏలూరు ఆగిపోతుంది. ఒక్క నిమిషం పడేశాను కూడా. తర్వాత సంచీలోంచి ఆకురాయి తీశాను. ప్లగ్గు అంచులు రెండు వైపులా చదునుగా రాకితే చిన్న స్పానర్ పట్టేస్తుంది.

"సార్ నన్ను నమ్మి పోయిండు. దగా చెయ్యలేను," అన్నాను.

"ఆయన కారు అప్పజెప్పి వెళ్ళారు. నా సంగతి ఎవరికి అప్పజెప్పారు?" కోపం వచ్చేసింది ఆమెకు. ఎనిమిది నెలలు ఇంట్లో ప్రతి వస్తువూ బాగుచేసిన మనిషికి ఒక్క మాట చెప్పడం చేతకాలేదంది. ఆ మాట కోసం ఆ పంపును తనే మూడుసార్లు వదులు చేసిందట.

ఇనుపరజను నా మొహాన రాలుతోంది. కళ్ళు మూసుకునే మాట్లాడాను.

"ఏం చెప్పాలె? మీరు ఏలూరోళ్ళు, ఇంజనీరు బిడ్డ. మా అమ్మ పోశమ్మ ఇస్మాయిల్‌ఖాన్‌పేటల నాట్లేస్తది. చెప్పి ఏం జేస్త?"

"చెప్పి చూడండి."

"మీరు పోతున్నరంటే పొద్దటిసంది నా పానం కొట్టుకుంటుంది. ఇగ చాలా?"

కళ్ళు తెరిస్తే ఆమె నేల మీద కూర్చుని, కారు కిందికి వంగి నన్నే చూస్తోంది. జడ మట్టిలో పడింది. చూసుకోలేదు.

సరిగ్గా అప్పుడే ఆ పాడు ప్లగ్గు తిరిగింది.

అడుగు ప్లగ్గు బిగించి, పక్క రంధ్రంలోకి రబ్బరు గొట్టం పెట్టాను. బానెట్ ఎత్తి, పైనుంచి గరాటులో ఆమె కొత్త నూనె పోసింది. నిండి బయటికి కారగానే బస్, చాలన్నాను. ఆమె ఇంకా పోస్తూనే ఉంది. నూనె నా మోచేతి మీదుగా చొక్కాలోకి దిగింది. వినపడలేదంది. వినపడిందని నాకు తెలుసు.

సాయంత్రం సూర్యప్రకాశరావు గారు వచ్చి కారును గేటు దాకా నడిపి చూశారు. మూడో గేరు వెన్నలా పడింది. సంతోషంగా దిగారు. అంతటితో ఊరుకుంటే నాకు మెచ్చుకోలు దక్కేది.

"సార్, నాతోని ఒక తప్పయింది," అని చూసుకోకుండా ముందే నూనె దించేసిన సంగతి చెప్పాను. అరిగిన ప్లగ్గును ఆకురాయితో రాకానని, కొత్తది వేయించుకోమని కూడా చెప్పాను.

"చదివి వినిపించడానికి మనిషిని కూడా పెట్టి వెళ్ళానుగా. నీ ధ్యాస ఎక్కడుందయ్యా?"

నేను తల దించుకున్నాను.

"నా మీద ఉంది, నాన్నగారూ," అంది అన్నపూర్ణ. "నా ధ్యాస కూడా ఇక్కడే ఉంది. ఏలూరు నేను రాను."

ఆయన కళ్ళజోడు తీసి తుడిచారు. కూతుర్ని చూశారు, నన్ను చూశారు, కారు చుట్టూ రెండుసార్లు తిరిగారు.

"పదేళ్ళుగా ఇన్‌స్పెక్షన్‌లో ఉన్నాను," అన్నారు చివరికి. "తప్పు చేసినవాడు తనంతట తానే వచ్చి చెప్పడం రెండుసార్లు చూశాను. రెండుసార్లూ నువ్వే."

వంటింటి కిటికీ వైపు తిరిగారు. అక్కడ అన్నపూర్ణ తల్లి లక్ష్మీనరసమ్మ గారు ఎప్పటినుంచి నిలబడి ఉన్నారో తెలియదు.

"ఏలూరుకు టెలిగ్రాం ఇస్తాను. నువ్వు ఏలూరుకని కట్టిన ఆ సున్నుండల డబ్బా మూట విప్పకు. రేపు ఇస్మాయిల్‌ఖాన్‌పేట వెళ్దాం."

"నేను విప్పలేదు లెండి," అన్నారావిడ.

ఇంత జరిగినా నా నోటికి వచ్చిన మాట ఇదొక్కటే. "సార్, మా ఇంటికాడ బాట మంచిగ లేదు. అంతా గుంతలే."

"గేర్లు బాగానే పడుతున్నాయిగా. మెల్లగా వస్తాం," అన్నారాయన.