అరవై దాటిన కూత

నాలుగో గడికి నీళ్ళు చల్లి పైడమ్మ ఐదో గడిలో అడుగు పెట్టింది.

"మగపిల్లలు, పదహారేళ్ళ లోపు. నిన్న నూట పన్నెండు మంది," అంది ఆటనేల, పాదాల కింద నుంచి.

ఆ నేల తెలివి అంతా ఇంతా కాదు. చీమ కుంటితే ఏ కాలో చెప్పేది. అడుగు మోపగానే వయసు, ఆడో మగో పట్టేసి, తగిన గీతలు వెలిగించేది. మగపిల్లలకి మైదానం సగం పైనే. ఆడపిల్లలకి పన్నెండేళ్ళ దాకా ఫరవాలేదు. ఆపైన గీతలు ఏటేటా చిక్కిపోయేవి. నలభై దాటితే చుట్టూ నడకవలయం, మూలనో ఇరుకు గడి, అంతే గతి. దానికి పక్షపాతమేం లేదు పాపం. ఎవరు రాకపోతే వాళ్ళ చోటు తగ్గిస్తుంది. చోటు లేక వాళ్ళు రారు. రాలేదు కదా అని ఇంకాస్త తగ్గిస్తుంది. అత్తగారి వడ్డన లాంటి న్యాయం.

మణికట్టుకి కాపుపట్టీ, అంటే కొలువు గుర్తు, ఉన్న పనివాళ్ళని మాత్రం అది లెక్కించదు. ఇరవై రెండేళ్ళుగా తనని కడుగుతున్న పైడమ్మ దానికి వాన చినుకుపాటి కూడా కాదు.

"పదో గడి. ఆడవారు, అరవై పైన. తొంభై రోజులుగా ఖాళీ. ఆరింటికి చెరిపేస్తాను. సరేనను, పైడమ్మా."

"ఇంకా రెండు నిమిషాలుంది కదే."

"ఎవరూ రారు."

"నీకెలా తెలుసు?"

"ఇంతవరకూ రాలేదు."

పదమూడో ఏట ముగ్గుర్ని తాకి గీత దాటి వచ్చిన మర్నాడే పైడమ్మకి ఓణీ వేసి, చెడుగుడు ఇక చాలన్నారు. ఆ మిగిలిన ఊపిరి యాభై ఏళ్ళుగా లోపలే ఉంది.

ఆమె పదో గడిలోకి వెళ్ళి పట్టీ మీద వేలు పెట్టింది.

"తీస్తే కొలువు పోతుంది," అంది నేల.

"పోనీ."

పట్టీ ఊడింది. నేల ఒక్క క్షణం తడబడింది.

"ఎవరు మీరు?"

"బాగానే అడిగావు. చెడుగుడు ఆడేదాన్ని."

చెడుగుడు గీతలు వెలిగాయి. "ఒక్కరైతే ఆట కాదు. కూత ఆగేలోగా ఇంకొకరు రావాలి," అంది నేల.

పైడమ్మ గాలి పీల్చి గీత దాటింది. చెడుగుడు, చెడుగుడు, చెడుగుడు. ఎదురుగా ఎవరూ లేని చోటికి కాలు విసిరింది. వలయంలో నడిచేవాళ్ళు తలలు తిప్పకుండా సాగిపోయారు. కనకరత్నం కూడా; పైడమ్మ ఈడుదే, ఆరేళ్ళుగా రోజూ ఎదురుపడే మనిషి, ఒక్క పలకరింపూ లేదు. ఆరు కొట్టింది. గుండెలు మండాయి. కూత సన్నబడి దారంలా అయింది. దారమూ తెగబోతోంది.

వెనక నుంచి ఎవరో చీలమండ గట్టిగా పట్టేశారు. ఇద్దరూ బోర్లా పడ్డారు.

"ఆ కాలి విసురు చూసి ఆగలేకపోయాను వదినా," అంది కనకరత్నం, రొప్పుతూ. "మా ఊళ్ళో పట్టు నాదే."

"ఇద్దరు," అంది నేల. పదో గడికి చోటిస్తూ ఐదో గడి గీత మగపిల్లల వైపుకి జానెడు వెనక్కి జరిగింది.

"నొప్పెట్టిందా? వదిలేస్తాను," అంది కనకరత్నం.

"వద్దు. ఇంకాసేపు పట్టుకో," అంది పైడమ్మ.