దీపాల వేళ మూసిన తలుపు

మంట ఆర్పడానికి వెళ్ళిన మనిషి తిరిగొస్తే మీ ఇంటి తలుపు తెరుచుకుంటుందా? తొందరపడి తల ఊపకండి. దోర్నాల దగ్గర కొత్త కాలనీలో భ్రమరాంబ ఇంటి తలుపు ఏం చేసిందో ముందు వినండి.

నల్లమల అడవి అంటుకుని మూడు వారాలైంది. మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు మసిపట్టిన రాగిచెంబులా కనిపిస్తున్నాడు. అయినా ఇళ్ళల్లో ఎవరూ దగ్గడం లేదు. డాక్టర్ సుచరిత కనిపెట్టిన ‘గాలిగడప’ పుణ్యం అది. గోడకున్న ఫ్యాన్ బయటి గాలిని లాగి, ఫిల్టర్‌లో వడకట్టి, ఇంట్లోకి కాస్త ఎక్కువే నింపుతుంది. లోపల ప్రెషర్ ఎక్కువ కాబట్టి కిటికీ సందుల్లోంచి గాలి బయటికి పోతుందే తప్ప పొగ లోపలికి రాదు. ఆ పొద్దున్నే బిగించిన కొత్త మోడల్‌కి గడప మీద సెన్సర్ కూడా ఉంది. వచ్చినవాళ్ళని వాసన చూస్తుంది. శుభ్రంగా ఉంటే పచ్చదీపం, తలుపు తెరుచుకుంటుంది. పొగ తగిలితే ఎర్రదీపం.

సాయంత్రం అడవిలో మంటలార్పి వచ్చిన ఫైర్ వాచర్ భ్రమరాంబకి ఎర్రదీపమే వెలిగింది.

లోపల ఐదు నెలల బిడ్డ ఏడుస్తోంది. తలుపుకున్న స్పీకర్‌లో ఆ ఏడుపు వింటుంటే రొమ్ములు సలుపుతున్నాయి. వాకిట్లోనే రెండు బకెట్లు గుమ్మరించుకుంది. పక్కింటావిడ అటక మీదున్న, పొగ తగలని చీర ఇస్తే కట్టుకుంది. మళ్ళీ గడప ముందు నిలబడింది. ఎరుపే.

“అంబా, ఇంకాస్త సబ్బు రుద్దుకోవే” అంది లోపల్నుంచి అత్త గురవమ్మ.

“తోలు ఊడొస్తాంది అత్తా.”

కబురందుకుని సుచరిత మాస్కు పెట్టుకుని పరుగున వచ్చింది. “ఒంటి మీది పొగ కాదు భ్రమరాంబా, నీ ఊపిరిలో ఉంది. పగలంతా పీల్చిన కార్బన్ మోనాక్సైడ్ నెత్తుట్లో కలిసి, ఊపిరితో మెల్లగా బయటికొస్తుంది. రేపు పొద్దుటికి పోతుంది.”

“పొద్దున్నే మళ్ళీ అడివికి పోవాల గదా మేడమ్.”

సుచరిత వంగి సెన్సర్ తడిమి చూసింది.

“తలుపు తీసే స్విచ్ ఉండాలి గదా?” అడిగింది భ్రమరాంబ.

“పాత మోడల్‌కి ఉండేది. దీపాలు పెట్టే వేళకి ఊరు ఊరంతా తలుపులు బార్లా తీసి కూర్చున్నారు. అందుకే పీకేశాను. ఇప్పుడు లోపలివాళ్ళు బయటికి రావాలంటే ఒక్క క్షణం తెరుచుకుని మూసుకుంటుంది, గడప ముందు పొగ తగిలినవాళ్ళుంటే అదీ లేదు.”

“లక్ష్మి వచ్చే వేళకి తలుపేస్తారా ఎవరన్నా?” గురవమ్మ గొంతు లేచింది.

“లక్ష్మి రాలేదు పెద్దమ్మా. దగ్గొచ్చింది.”

అరుగు మీద కూలబడ్డ కాశయ్య నవ్వబోయి, దగ్గి, నల్లగా ఉమ్మాడు. భ్రమరాంబతో పాటు మంట కొట్టి వచ్చినవాడే. “ఈ వీధి వాచర్లందరి తలుపులూ ఎరుపే చెల్లే. ఇల్లు రానియ్యనప్పుడు అడివికి పోయేదెందుకు? రేపు నేను రాను. ఎవురూ రారు.” మంటని కొట్టి ఆర్పే పచ్చికొమ్మని చేతిలోంచి నేలకేసి కొట్టాడు.

“వీళ్ళు పోకపోతే నీ మిషను ఎన్నాళ్ళు లాగుతాది?” భ్రమరాంబ అడిగింది.

“మంట ఊరు దాకా వస్తే...” సుచరిత మాస్కు సర్దుకుంది. “ఫిల్టర్లు రెండు రోజుల్లో పూడుకుపోతాయి.”

తలుపు పక్కన పాలప్యాకెట్లు అందించే రెండు మూతల గూడు ఉంది. భ్రమరాంబ గోడవైపు తిరిగి, గ్లాసులోకి పాలు పిండి, అందులో పెట్టింది. మిషను వాసన చూసింది. పచ్చదీపం.

పాలు లోపలికి పోయాయి. తల్లి బయటే ఉంది.

గురవమ్మ ఉగ్గుగిన్నెతో పట్టబోతే బిడ్డ మొహం తిప్పేసుకుంది. భ్రమరాంబ స్పీకర్ దగ్గరికి వంగింది. “తాగు బంగారూ. అమ్మని ఈడనే ఉండా.” ఆ గొంతు వింటూ, వెక్కుతూ వెక్కుతూ గుక్క మింగింది పిల్ల. గడప మీద తల ఆనించి ఆమె ఆ చప్పుడు వింది.

తర్వాత లేచి, కాశయ్య పారేసిన కొమ్మ తీసి సుచరిత చేతికిచ్చింది.

సుచరిత వీధి చివరికి చూసింది. ఆమె ఇంటి గడప మీద పచ్చదీపం. ఈ కొమ్మ పట్టుకుని మంట దాకా వెళ్ళొస్తే తన మిషను తననే లోపలికి రానివ్వదు. చివరికి మాస్కు తీసి కాశయ్యకిచ్చి, ఫోన్లో కాలనీ స్పీకర్లన్నీ కలిపి, భ్రమరాంబ నోటి దగ్గర పెట్టింది.

“అక్కా, అన్నా, నేను భ్రమరాంబని. మీ గాలిని మిషను కడగతాంది. మంటని మాత్రం మేమే కొడతాండాం. మేం పోతే మాకు ఇల్లు లేదు. పోకపోతే మీకు ఊరు లేదు. ఇంటికొకరు వస్తే అడివంచు వాగు కాడనే మంట ఆగిపోతాది. అందరికీ ఎర్రదీపం వెలిగిననాడు ఆ దీపం సంగతి ఈ మేడమే చూస్తాది. బయటోళ్ళకే గదా తాళం, లోపలోళ్ళకి లేదు. దీపాల వేళయింది. తలుపు తీసి, పచ్చికొమ్మ ఒకటి ఇరుచుకుని, బయటికి రండి.”