ఊరికే ఎక్కించిన పాట

పొద్దున్నే పాలబండిలోంచి రాగం పాట వినిపిస్తుంటే అక్క కాఫీ కలుపుతూనే మురిసిపోయింది. రాగం ఆమె తమ్ముడు. పసితనంలో ఏడ్చినా శ్రుతిలోనే ఏడ్చేవాడని ఇంట్లోవాళ్ళు ఆ పేరు పెట్టారు. సొంతంగా పాటలు కట్టి, ఒక మ్యూజిక్ కంపెనీ ద్వారా మొదటి ఆల్బమ్ తెచ్చాడు. రెండోదాని కోసం కంపెనీ పిలుపుకు కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూస్తున్నాడు.

అంతలో వాడే గుమ్మంలోకి వచ్చాడు. మొహం మాడిపోయి ఉంది.

"రావోయ్ స్టారూ! వీధి వీధంతా నీ పాటే," అన్నాడు బావ, షాపు తాళాలు వేలికి తిప్పుతూ. ఫోన్ల రిపేరు అతని పని. నెట్‌లోంచి పాటలు దింపి, అడిగినవాళ్ళకి పెన్‌డ్రైవుల్లో ఎక్కించి డబ్బు తీసుకోవడం పక్క వ్యాపారం.

"రెండో ఆల్బమ్ వద్దన్నారు బావా. మొదటిది కొన్నవాళ్ళే లేరట."

"అదేంట్రా! పాలబండిలో కూడా మోగుతోందిగా?" అంది అక్క.

"ఎక్కడ కొన్నారని పాలాయన్నే అడిగానక్కా. బావ ఎక్కించాడన్నాడు."

తాళాలు తిరగడం ఆగింది.

"అయితే ఏంటి? పబ్లిసిటీ చేశానురా! మా బావమరిది పాడాడని వచ్చినవాడికల్లా చెప్పి మరీ ఎక్కించాను. గ్రూపులన్నిటికీ పంపాను. మిగతా పాటలకి తీసుకుంటాను గానీ, నీ పాటకి ఒక్క పైసా తీసుకోలేదు, తెలుసా?"

"ముక్కూ మొహం తెలియనివాళ్ళ పాటలకి వెల కట్టావు. నా పాటకి అదీ లేదన్నమాట."

"కోడిగుడ్డుకి ఈకలు పీకకు. నెట్‌లో ఉన్నదే తీశాను, ఎవడి జేబులోనూ చెయ్యి పెట్టలేదు."

"నువ్వు ఫోను బాగుచేశాక, డబ్బులెందుకూ, నీ పనితనం ఊరంతా చెప్తాంలే అంటే ఊరుకుంటావా?"

బావ తాళాలు జేబులో వేసుకున్నాడు.

"మంచి జరగాలనే కదరా ఆయన చేసింది," అంది అక్క.

"తెలుసక్కా. బయటివాడైతే నాలుగు తిట్టేవాణ్ణి. బావని ఏమనను?"

అక్క భర్త వైపు తిరిగింది. "ఏవండీ, మీరు డబ్బు తీసుకుని ఎక్కించే ఆ పాటలవాళ్ళూ ఎవరికో తమ్ముళ్ళేగా?"

అతను కుర్చీలో కూలబడ్డాడు. ఇన్నేళ్ళలో ఆ సంగతి అతనికి తట్టనే లేదు.

"కొత్త పాట ఒకటి పాడరా," అన్నాడు.

రాగం అక్కడే కింద కూర్చుని, కళ్ళు మూసుకుని అందుకున్నాడు. బావ చెయ్యి అలవాటుగా జేబులోని ఫోను తీసింది. రికార్డు నొక్కబోయి ఆగి, దాన్ని భార్య చేతిలో పెట్టి లోపల పెట్టెయ్యమని సైగ చేశాడు.

పాట అయ్యాక అడిగాడు, "ఇది ఎక్కడ కొనాలిరా?"

"కొనడానికి లేదు బావా. వద్దన్నారుగా."

అప్పుడు ఏడ్చాడు బావ, చిన్నపిల్లాడిలా. రాగం లేచి వెళ్ళి పక్కన కూర్చుని, అతని భుజం మీద చెయ్యి వేసి, పాట మళ్ళీ మొదటినుంచి ఎత్తుకున్నాడు.