నాలుగో గిన్నె

నాకు అన్నిటికంటే ఎక్కువ భయం ఒక్కటే. ఏదో ఒక గురువారం మా నాయన మొరప్పూర్ స్టేషన్‌కు పోయి, మళ్లీ ఇంటికి రాడు. ఆ సంగతి నాకు చెప్పడానికి కూడా ఎవరూ ఉండరు.

ఆయన ప్రతి గురువారం అక్కడికి ఎందుకు పోతాడో చెప్పాలంటే హేమచంద్ర దగ్గర మొదలుపెట్టాలి. హేమచంద్ర గూఢచారి. ఇందులో కొంత నేను చూసింది, కొంత హేమచంద్ర జీపులో చెప్పింది. మిగతాది ఇన్నేళ్లుగా నేను అల్లుకొన్నది.

1984 జూన్. హైదరాబాద్‌లో బోర్డు లేని ఒక ఆఫీసు. చీఫ్ ఒక ఫోటోను టేబుల్ మీద తోశాడు.

"పేరు సుబ్బరాయప్ప. యాభై నాలుగేళ్లు. ఒకప్పుడు మిలిటరీ. ఇప్పుడు ధర్మపురి దగ్గర ఒక వైర్‌లెస్ ఫ్యాక్టరీలో సీనియర్ సెక్యూరిటీ ఆఫీసర్."

"ఏం చేశాడు?" అన్నాడు హేమచంద్ర.

"ఆ ఫ్యాక్టరీ సైన్యానికి సెట్లు చేస్తుంది. డ్రాయింగులు సరిహద్దు దాటుతున్నాయి. ఇతని దగ్గర ఒక డైరీ దొరికింది. తమిళ అక్షరాలు, కానీ తమిళం కాదు. మన కోడ్ సెక్షన్ తొమ్మిది రోజులుగా కుస్తీ పడుతోంది. ఒక్క పదం విడిపోలేదు."

"మన మనుషులు ఎవరైనా లోపల ఉన్నారా?"

"డోరతీ. మేనేజర్ స్టెనో. ఆర్నెల్లుగా మనకు రిపోర్టులు పంపుతోంది. నువ్వు టైప్‌రైటర్ మెకానిక్‌వి. 'రిబ్బన్ ఎండిపోయింది' అంటుంది. 'సేలం నుంచి తెప్పిస్తాను' అనాలి. ఫ్యాక్టరీ వాళ్లే అతని మీద ఛార్జిషీట్ ఇచ్చి ఎన్‌క్వైరీ పెట్టారు. అది ముగిసేలోపు కోడ్ విప్పు. ముఠాను పట్టు."

ఫోటోలో మనిషి ఇస్తిరీ చేసిన ఖాకీలో నిటారుగా నిలబడి ఉన్నాడు. మా నాయనే.

హేమచంద్ర భుజానికి టూల్ బ్యాగు, జేబులో అగ్గిపెట్టె. ఆ అగ్గిపెట్టెలో పుల్లలు ఒక వరసే. వాటి కింద కెమెరా. ఆఫీసులో డోరతీ నల్లకళ్లద్దాలు నుదుటి మీదికి ఎత్తి చూసింది. ఎర్రమట్టి ఊళ్లో ఎత్తు మడమల చెప్పులు వేసుకొని ఒక్క మరక లేకుండా నడిచే మనిషి ఆమె ఒక్కతే. రిబ్బన్ ఎండిపోయిందని చెప్పింది. అతను సేలం పేరెత్తాడు. ఆమె నవ్వింది.

ఎన్‌క్వైరీ పక్క గదిలోనే జరిగేది. ఎన్‌క్వైరీ ఆఫీసర్ మేనేజర్ నరసింహన్. ఛార్జిషీట్ మీద సంతకం చేసింది నరసింహనే. మొదటి ఛార్జిలో, గేటు దగ్గర అవమానానికి గురైన ఆఫీసరూ నరసింహనే. అంటే ఫిర్యాదు చేసినవాడు, సాక్షి, జడ్జి ముగ్గురూ ఒక్క కుర్చీలో కూర్చొని ఉన్నారు.

మా నాయన మొదటిరోజే నిలబడి ఆ మాట అన్నాడు. నేను ఆపిన మనిషే నన్ను విచారిస్తే అది విచారణ కాదు సార్, వేరే ఆఫీసర్‌ను వేయండి అని కాగితం ఇచ్చినాడు. నరసింహన్ ఆ కాగితాన్ని టీ గ్లాసు కింద పెట్టుకొన్నాడు. డైరీలో ఉన్నది కోడ్ కాదు, మా ఇంటి భాష, నా కూతుర్ని పిలిస్తే చదువుతుంది అని కూడా చెప్పినాడు. కుటుంబసభ్యుల సాక్ష్యం చెల్లదన్నారు. ఇదంతా ఆయన తమిళంలో చెప్పినాడు. డోరతీ షార్ట్‌హ్యాండ్ నుంచి ఇంగ్లీషులోకి వచ్చేసరికి మిగిలింది ఒక్క వాక్యం. "కోడ్ వివరాలు చెప్పడానికి ముద్దాయి నిరాకరించాడు."

హేమచంద్ర చదివింది ఆ ఇంగ్లీషునే. నమ్మాడు.

ఒకరోజు మధ్యాహ్నం ఆమె భోజనానికి పోయినప్పుడు అతను చెత్తబుట్టలో ఒక కార్బన్ పేపర్ చూశాడు. అలవాటుగా కిటికీ వెలుగుకు పట్టాడు. ఎన్‌క్వైరీ రిపోర్టు. చివరి వాక్యం "అన్ని నేరాలూ రుజువయ్యాయి." తేదీ జూన్ 4. ఎన్‌క్వైరీ మొదలైంది జూన్ 11. మేనేజర్లకు తొందర ఎక్కువ అనుకొని ఆ కాగితాన్ని మడిచి టూల్ బ్యాగులో వేసుకొన్నాడు. ఆ రోజు ఇంకొంచెం ఆలోచించి ఉంటే బాగుండేదని జీపులో నాతో అన్నాడు.

అతను మా ఇంటికి వచ్చింది గురువారం మధ్యాహ్నం. టైప్‌రైటర్లు బాగుచేసేవాళ్లే మా ఊర్లో కుట్టుమిషన్లూ చూస్తారు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. అప్పుడు నేను కాన్పుకు వచ్చి పుట్టింట్లోనే ఉన్నాను. పెద్దదానికి పది నెలలు. అమ్మ పోయినప్పుడు ఎనిమిదో క్లాసులో బడి మానేశాను, అప్పటి నుంచి జాకెట్లు కుడుతున్నాను. మిషన్‌కు ఏ జబ్బూ లేదు. అయినా వచ్చినవాడు విప్పి కూర్చొన్నాడు. కళ్లు మాత్రం ఇల్లంతా తిరుగుతున్నాయి.

నాయన పెరట్లో బూట్లు తుడుచుకొంటున్నాడు. సస్పెండ్ చేసి నెల దాటింది. అయినా తుడిచేవాడు.

గోడ మీద క్యాలెండర్‌లో నేను రాసుకొన్న గీతలు ఉన్నాయి. మెకానిక్ చేతిలో స్క్రూడ్రైవర్ ఆగిపోయింది.

"ఇవి ఏమిటమ్మా?"

"బిడ్డవి సార్," అన్నాను.

"చదువు."

"పాపకు మందు పోయాల. పదో తేదీ సూది. జ్వరం వస్తే తడిగుడ్డ వేయాల." చదివి సిగ్గుపడినాను. "మాకు తెలుగు అక్షరాలు రావు సార్. బడి తమిళం. మాట్లాడేది మాత్రం తెలుగు. అందుకే ఈ అక్షరాలతో ఆ మాట రాసుకొంటాము. మా నాయనా అంతే, మా తాత కూడా అంతే."

అతను మిషన్ ముందు నుంచి లేచినాడు. తొమ్మిది రోజులు. మొత్తం కోడ్ సెక్షన్. అగ్గిపెట్టె తెరిచి, పుల్లల కింద నుంచి చిన్న ఫోటోల చుట్ట తీసి, భూతద్దంతో సహా నా ముందు పెట్టినాడు. నాయన రాత చూడగానే గుర్తుపట్టినాను. పైకి చదివినాను.

"గురువారం. మేనేజర్ కారు లోపలికి వచ్చె. టిఫిన్ క్యారియర్, మూడు గిన్నెలు. మధ్యాహ్నం కారు పోయె, లోపల స్టెనో అమ్మ. క్యారియర్, నాలుగు గిన్నెలు."

తరువాత గురువారం కూడా అదే. ఆ తరువాతా అదే. ఆఖరి పేజీ చదివినాను. "ఆపితిని. నాలుగో గిన్నె తెరవండి అంటిని. రేపటి నుంచి నీకు గేటు లేదు అనె మేనేజర్."

నాయన గడపలో నిలబడి వింటున్నాడు. "రాగితీగ దొంగిలిస్తా ఉండారనుకొంటిని సార్," అన్నాడు. "ఎన్‌క్వైరీలో చెప్పినాను. ఎవరూ రాసుకోలేదు."

"ఈ రోజు ఏ వారం?" అన్నాడు హేమచంద్ర.

"గురువారమే. మద్రాసు బండి మొరప్పూర్‌లో రెండుంబావుకి. స్టెనో అమ్మ ప్రతి గురువారం దానికే పోతాది."

టైము ఒంటిగంటా నలభై.

మొదట జీపు వచ్చింది. ఎక్కడి నుంచి తెప్పించినాడో నాకు తెలియదు. నాయన లోపలికి పోయి యూనిఫాం తొడుక్కొని వచ్చినాడు. నేనూ ఎక్కితే దిగమన్నారు. మిగతా పేజీలు ఎవరు చదువుతారు అన్నాను. బిడ్డను ఒళ్లో వేసుకొని, దుమ్ములో, గుంతల్లో ఎగిరిపడుతూ చదువుకొంటూ పోయినాను. ఒకచోట నాయన రాసుకొన్నాడు: "పాప ఈ దినం మొదటిసారి నిలబడె." మేనేజర్ కారు నంబరు పక్కనే ఆ మాట. దాన్ని పైకి చదవలేక దాటేసినాను.

రైల్వే గేటు పడి ఉంది. దిగి పరుగెత్తినాము. బండి అప్పటికే కూత వేసింది.

డోరతీ కిటికీ దగ్గర నిలబడి ఉంది. లోపల నుంచి ఒక తెల్లచొక్కా మనిషి చేయి బయటికి చాచి ఉంది. ఆమె క్యారియర్ పైగిన్నె మెల్లగా విప్పుతోంది. హేమచంద్ర ఇంకా ఇరవై అడుగుల దూరంలో ఉన్నాడు.

నాయన అప్పటికి ఆమెకు దగ్గరగా ఉన్నాడు, ఇక పరుగెత్తలేదు. గేటు దగ్గర ఇరవై ఏళ్లు నడిచినట్టే నడిచి, ఆమెకూ కిటికీకీ మధ్య చేయి అడ్డం పెట్టినాడు.

"తెరిచి చూపించమ్మా," అన్నాడు.

ఆమె ఆ గొంతుకు అలవాటుగా ఒక్క క్షణం ఆగింది. ఆ క్షణం చాలు. హేమచంద్ర కిటికీలోని మణికట్టును పట్టుకొని బండితోపాటు పదడుగులు పోయినాడు. ఎవరో గొలుసు లాగినారు. నాలుగో గిన్నెలో పెరుగన్నం, దాని అడుగున మైనపు కాగితంలో మూడు ఫిల్ము చుట్టలు.

డోరతీ నల్లకళ్లద్దాలు సర్దుకొంది. ఆర్నెల్లు రెండు వైపులా జీతం తీసుకొన్న మనిషికి ఉండే తీరిక ఆమె ముఖంలో కనపడింది.

"మీరు గెలిచారు మెకానిక్. కానీ రిపోర్టు పొద్దునే హెడ్డాఫీసుకు పంపేశాను. రిజిస్టర్డ్ పోస్టు. డిస్మిస్."

నాయన ఆమె మాట విన్నాడు.  గిన్నె మూత ఏరి, మట్టి తుడిచి, మళ్లీ పెట్టినాడు.

అదే బండిలో హేమచంద్ర వాళ్లను తీసుకొని పోవాలి. ఎక్కేముందు టూల్ బ్యాగు నుంచి ఆ కార్బన్ పేపర్ తీసి నాయనకు చూపించినాడు. ఎన్‌క్వైరీ మొదలు కాకముందే తీర్పు రాశారు, ఇంతకంటే రుజువు అక్కర్లేదు అన్నాడు. అయితే ఇప్పుడది ఫైల్‌లోకి పోవాలి.

"అప్పీలు పెట్టండి. నేనే వచ్చి సాక్ష్యం చెబుతాను. గురువారం ఈ బండికే దిగుతాను."

"ఏ గురువారం సార్?" అన్నాడు నాయన.

బండి కదిలింది. జవాబు మాకు వినపడలేదు.

ఆ తరువాత సంగతి చిన్నదే. నరసింహన్ "అనారోగ్య కారణాల వల్ల" వెళ్లిపోయాడని నోటీసుబోర్డులో పెట్టారు. దేశ రహస్యం కాబట్టి కేసు తలుపులు మూసి నడిచింది. కాగితాల ప్రకారం అలాంటి ఆపరేషన్ జరగలేదు, హేమచంద్ర అనే మెకానిక్ ధర్మపురికి రాలేదు, గిన్నెలో ఫిల్ము లేదు. నాయన అప్పీలులో రాయించినది నాకు ఇప్పటికీ నోటికి వచ్చు. అయ్యా, నేను గేటులో ఆపిన మనిషే నా మీద ఫిర్యాది, ఆయనే సాక్షి, ఆయనే విచారణాధికారి, మొదటి దినానికి ముందే తీర్పు రాసినాడు. నాలుగు నెలలకు జవాబు వచ్చింది. పక్షపాతం ఉందనడానికి ఆధారాలు లేవు. రిపోర్టు నియమం ప్రకారమే ఉంది. ఆ కార్బన్ పేపర్ గురించి అడిగితే, ఏ కార్బన్ పేపర్ అన్నారు.

ఊర్లో ఎవరూ ద్రోహి అని ముఖాన అనలేదు. టీకొట్టులో ఆయన కూర్చొంటే పక్కవాళ్లు లేచిపోయేవాళ్లు, అంతే. నాయన టీ మానేశాడు.

ఇది 1987. నేను కుప్పం దగ్గర మా ఆయన పని చేసేచోట ఉన్నాను. ఈ తెలుగు అక్షరాలు ఇక్కడికి వచ్చినాకే పెద్దదానితో పాటు పలకమీద దిద్ది నేర్చుకొన్నాను. రెండో కాన్పు అయి పదహారు రోజులు. లేచి తిరగకూడదు. పోయిన రెండు గురువారాలుగా నాయన నుంచి కార్డు రాలేదు. ఆయనకు ఈ అక్షరాలు రావు, నేను ఇదంతా రాసినానని ఆయనకు తెలియదు. చదువుతున్నది మీరే.

అందుకని అడుగుతున్నాను. మీలో ఎవరైనా గురువారం ఆ దారిన పోతే, రెండుంబావు బండి మొరప్పూర్‌లో ఆగినప్పుడు ఒక్కసారి దిగి చూడండి. నీళ్ల కొళాయి పక్కన సిమెంటు బెంచీ మీద, ఇస్తిరీ చేసిన ఖాకీ చొక్కాలో ఒక పెద్దాయన ఉంటాడు. బ్యాడ్జీ ఉండదు, పీకేశారు. తిన్నావా నాయనా అని అడగండి, తెలుగులో అడగండి. ఉన్నాడో లేడో నాకు ఒక కార్డు ముక్క రాయండి. మీ చేతిలో టిఫిన్ క్యారియర్ ఉంటే ఆయన గిన్నెలు లెక్కపెడతాడు. దయచేసి కోపం తెచ్చుకోకుండా మూత తీసి చూపించండి.