కాగితం లేకుండా వచ్చిన ఫ్యాను

"సంతకం పెట్టు, తీసుకెళ్ళు," అన్నాడు స్టోర్స్ జౌదత్, అట్టపెట్టెని బల్ల మీదికి తోస్తూ.

మేజర్ సినాన్ పెట్టె విప్పాడు. లోపల రీఛార్జబుల్ ఫ్యాను ఉంది. బస్రాలో ప్రతి కొట్టు ముందూ వేలాడే చేతి ఫ్యానే. కింద మూడు బటన్లు: తెల్లది, పచ్చది, ఎర్రది. పెట్టెని తలకిందులు చేసి దులిపాడు. వైరు పడింది. ఇంకేమీ పడలేదు.

"ఎలా వాడాలో రాసిన కాగితమేది?"

"రాలేదు."

"మరి ఏ బటన్ ఏం చేస్తుందో ఎవడికి తెలుసు?"

"తయారుచేసిన ఇంజనీరుకి తెలుసు. తమ్ముడి పెళ్ళని నజఫ్ వెళ్ళాడు. ఫోన్ ఎత్తడం లేదు."

"జౌదత్ అన్నా, నేనిది గాలి కోసం అడిగానా?"

"నా మీద అరిస్తే ఏం లాభం మేజర్? వస్తువు ఇవ్వడం నా పని. ఇచ్చాను. సంతకం."

సినాన్‌కి ఒళ్ళు మండిపోయింది. సగం జూలై ఎండకి, సగం ఈ ఆఫీసుకి. మనిషి ప్రాణం పోయేటట్టుంటే వీళ్ళకి సంతకం కావాలి. ఇలాంటి ఆఫీసుని ఏం చెయ్యాలి చెప్పండి. పెన్ను కాగితం చిరిగేలా నొక్కి సంతకం గీకాడు.

అంతకుముందే కర్నల్ షాకిర్ బ్రీఫింగ్ నాలుగు ముక్కల్లో తేల్చేశాడు.

"హాజీ రిజ్వాన్. కూలర్ల వ్యాపారి. పదేళ్ళుగా మన మధ్య బస్రావాడిలా బతుకుతున్న పరాయి ఏజెంటు. మన ఇన్‌ఫార్మర్ ఎవరో వాడికి తెలిసిపోయింది. ఈ మధ్యాహ్నం రెండింటికి శాటిలైట్ ఫోన్లో ఆ ఫైలు పంపిస్తాడు. అవతలివాళ్ళు ఆ లైను వాడికి తెరిచేది అప్పుడే."

"ఎవరి పేరుంది అందులో?"

"అబూ లైస్."

అబూ లైస్ రిజ్వాన్ ఉండే సందులో ఇళ్ళకి కరెంటిచ్చే జనరేటర్ నడిపే ముసలాయన. రిజ్వాన్ ఇంటికి ఎవరొచ్చి ఎవరు పోయారో రెండేళ్ళుగా చెబుతున్నది ఆయనే. ఆయన్ని బతిమాలి ఈ పనిలోకి దింపింది సినానే. ఆ పేరు దేశం దాటితే సాయంత్రానికి ఆయనా ఉండడు, ఆయన ఇంట్లోవాళ్ళూ ఉండరు.

"ముసలాయన్ని ముందే తప్పిస్తే?"

"జనరేటర్ దగ్గర ఆయన కనబడకపోతే పది నిమిషాల్లో సందు సందంతా ఆయన కోసం వెతుకుతుంది. రిజ్వాన్‌కి అంతకంటే ఏం కావాలి?"

"అయితే ఇప్పుడే తలుపు బద్దలుకొడదాం."

"ఒక్క మీట నొక్కి మొత్తం చెరిపేస్తాడు, సాక్ష్యం లేక వదిలేస్తే పేరు మాత్రం వాడి బుర్రలోనే ఉంటుంది. పంపుతుండగా పట్టుకోవాలి, పంపింది చేరకూడదు. ఫ్యాన్లో సిగ్నళ్ళని ఆపేసే జామర్ ఉంది. అది పనిచేస్తే ఐసు బండిలో ఉన్న మనవాళ్ళ వైర్‌లెస్ కూడా మూగబోతుంది. అదే గుర్తు. లోపలికి దూకుతారు. వాడి భార్యగా ఉంటున్న నిబ్రాస్ మన మనిషి. వాళ్ళ మనిషి కూడా. లాప్‌టాప్ ఇంట్లో ఉంటే నీకు నిమ్మ టీ ఇస్తుంది. మామూలు టీ ఇస్తే లేచి వచ్చెయ్."

"ఇంతకీ ఆమె ఎవరి పక్షం సార్?"

"అది కనుక్కుని నాకూ చెప్పు."

కార్లో ఫ్యానుని ఛార్జింగ్‌కి తగిలించి, బటన్లు ఒక్కొక్కటే నొక్కుతూ పోయాడు. తెల్లది గాలి. పచ్చది లైటు. ఎర్రది నొక్కితే ఏమీ లేదు. సరిగ్గా అప్పుడే కారు రేడియో గుర్రుమని చచ్చింది. "నీక్కూడా ఇవాళే రావాలా రోగం," అని రేడియోని గుద్దాడు.

ఒకటీ నలభైకి, దళసరి కళ్ళద్దాలు, మోసుల్ యాస పెట్టుకుని, శాంపిల్ తెచ్చిన ఫ్యాన్ల ఏజెంటుగా రిజ్వాన్ ఇంట్లో కూర్చున్నాడు. పదకొండింటికి పోయిన కరెంటు రాలేదు. అబూ లైస్ రోజూ ఒంటిగంట నుంచి రెండున్నర దాకా జనరేటర్‌కి విశ్రాంతి ఇస్తాడు. గది పొయ్యి మీద మూత పెట్టినట్టుంది. రిజ్వాన్ బ్యాటరీతో తిరిగే తన బల్ల ఫ్యానుని అతిథి వైపు తిప్పి, తాను చెమటలు కక్కుతూ కూర్చున్నాడు. ఆ మర్యాదలో వంక పెట్టడానికి లేదు.

నిబ్రాస్ వచ్చింది. కాటుక కళ్ళు, ఆకుపచ్చ పట్టు గౌను, గదంతా అత్తరు. చిన్న గాజు గ్లాసు సినాన్ ముందు పెట్టింది. ఎండు నిమ్మకాయ వాసన గుప్పున కొట్టింది.

రిజ్వాన్ ఫ్యానుని చేతిలోకి తీసుకున్నాడు. "ఈ ఎర్ర బటన్ ఎందుకు?"

"అది... ప్రత్యేకం హాజీ."

"అదే, ఏం చేస్తుంది?"

"కంపెనీవాళ్ళు కాగితం పెట్టలేదు."

రిజ్వాన్ మొహం జేవురించింది. "పదేళ్ళుగా ఇదే గోల. వస్తువొస్తుంది, కాగితం రాదు. కొన్నవాడు నా పీక పట్టుకుంటాడు. వాళ్ళకి సిగ్గుందా అసలు?"

"లేదు హాజీ," అన్నాడు సినాన్ పళ్ళు కొరుకుతూ. ఆ రోజంతటిలో అతను మనస్ఫూర్తిగా పలికిన మాట అదొక్కటే.

రెండయింది. "ఒక్క నిమిషం, దుబాయ్‌కి ఫోటోలు పంపాలి," అంటూ రిజ్వాన్ ఫ్యాను తిరిగిచ్చి లాప్‌టాప్ తెరిచాడు. శాటిలైట్ ఫోన్ కిటికీలో ఉంది. తెర మీద ఎంత శాతం వెళ్ళిందో చూపే అంకె కదిలింది. పది. పదిహేను.

సినాన్ ఎర్ర బటన్ నొక్కాడు. ఏమీ కాలేదు. నొక్కిపట్టాడు. రెండుసార్లు నొక్కాడు. ముప్పై అయిదు. జౌదత్ పీక ఇప్పుడు తన చేతిలో ఉంటే ఎంత బాగుండునని అనిపించింది. పాపం అబూ లైస్ కింద గోడ నీడలో నడుం వాల్చి ఉంటాడు. నలభై.

అప్పుడు రేడియో గుర్తొచ్చింది. ఫ్యాను ఛార్జింగ్‌లో ఉన్నప్పుడే కదా చచ్చింది రేడియో. ఈ బ్యాటరీ గాలికే చాలదు, జామర్‌కేం చాలుతుంది? కాని ఇంట్లో కరెంటేది?

"వదినా," అన్నాడు, గొంతు తేలిగ్గా ఉంచుకుంటూ, "శాంపిల్ ఆగిపోయేలా ఉంది. ఛార్జింగ్ పెడితేగాని పనిచెయ్యదు. కరెంటెప్పుడొస్తుందో?"

నిబ్రాస్ ఫ్యాను వంక చూసింది. ఎర్ర బటన్ మీదున్న అతని బొటనవేలి వంక చూసింది. వెంటనే బాల్కనీలోకి వెళ్ళిపోయింది. అయిపోయింది, వాళ్ళవాళ్ళకి సైగ చేస్తోంది అనుకున్నాడు సినాన్. యాభై అయిదు.

"ఓ అబూ లైస్," నిబ్రాస్ గొంతు సందు ఆ చివరిదాకా వినబడింది. "ఇంట్లో చుట్టాలు ఉడికిపోతున్నారు. నువ్వక్కడ గురక పెడుతున్నావు. లేచి మిషన్ వెయ్యి."

కాచుకుని ఉన్నట్టు ఎదురింటి కిటికీ అందుకుంది. "నా కోడలు బాలింత, దానికి గాలాడొద్దా?" ఇంకో మేడ మీంచి ఇంకొకామె ఆయన పుట్టుకనీ, మిషన్ పుట్టుకనీ కలిపి తిట్టింది. అరనిమిషంలో సందంతా ఆయన మీద పడింది.

"దానికీ ప్రాణం ఉంటుందమ్మా. వేడెక్కి పేలితే మీ ఆయన బాగుచేస్తాడా?" కింద నుంచి అబూ లైస్ అరిచాడు. తిడుతూనే లేచాడు, తిడుతూనే తిప్పాడు. మిషన్ దగ్గింది, అందుకుంది. గదిలో బల్బు వెలిగింది.

కరెంటొస్తే బస్రాలో మనిషి ముందు ఆలోచించడు. ముందు చెయ్యి ప్లగ్గు దగ్గరికి పోతుంది, ఆ తర్వాతే బుర్ర. రిజ్వాన్ పదేళ్ళు బస్రావాడు. తెర మీంచి కళ్ళు తిప్పకుండానే అతిథి చేతిలోని ఫ్యాను లాక్కున్నాడు. "ఇటివ్వు తమ్ముడూ, ఉన్నప్పుడే ఎక్కించుకోవాలి," అని తన చేత్తో తానే తగిలించాడు.

అప్పటికే నొక్కి ఉన్న ఎర్ర బటన్ వెలిగింది. అంకె తొంభై ఎనిమిది దగ్గర ఆగిపోయింది.

రిజ్వాన్ తెర చూశాడు, కిటికీ చూశాడు, మెల్లగా ఫ్యాను చూశాడు. చెయ్యి ప్లగ్గు మీదికి దూకింది. సినాన్ ఆ మణికట్టు పట్టుకుని మెలితిప్పాడు. నిబ్రాస్ వచ్చి ప్లగ్గుకి అడ్డంగా నిలబడింది.

"అతిథి వస్తువు హాజీ," అంది. "చెయ్యెయ్యకు."

కింద తలుపు విరిగిన చప్పుడైంది. పూర్తిగా చేరని ఫైలు అవతల ఎవడికీ తెరుచుకోదు.

రిజ్వాన్‌ని బండెక్కించి సినాన్ సందులోకి వచ్చేసరికి, అబూ లైస్ నూనె చేతులతో అడ్డం పడ్డాడు. పదిమంది ముందు అతనెవరో తెలియనట్టే మాట్లాడాడు.

"నువ్వేనా ఆ చుట్టానివి? నీ ఒక్కడి గాలి కోసం నా మిషన్ ప్రాణం తీస్తారా? సిగ్గులేదయ్యా నీకు?"

"లేదు బాబాయ్," అన్నాడు సినాన్. ఇంకా తిడితే బాగుండుననిపించి అక్కడే నిలబడ్డాడు. ఆయన తిట్టాడు కూడా.

ఆఫీసుకొచ్చి ఫ్యానుని జౌదత్ బల్ల మీద ధన్‌మని పెట్టాడు. జౌదత్ తాపీగా సొరుగు లాగి ఒక కాగితం అందించాడు.

"గంట క్రితమే వచ్చింది."

అందులో ఒకటే వాక్యం ఉంది: ఎర్ర బటన్ ఛార్జింగ్‌లో ఉన్నప్పుడే పనిచేయును.

సినాన్ దాన్ని మూడుసార్లు చదివాడు.

"అందినట్టు సంతకం పెట్టు," అంటూ జౌదత్ పెన్ను ఇచ్చాడు.

సినాన్ గీశాడు. పెన్ను రాయలేదు.

"దీనికి కాగితం వచ్చిందా," అన్నాడు, "లేక ఇది కూడా ఛార్జింగ్ పెట్టాలా?"